ఏడు దీవులను కలిపిన చేతులు

నేడు ఎడతెగని వీథులతో కనిపించే మన ముంబయి మహానగరం ఒకనాడు ఏడు దీవులు. పోటు వేళ వాటి నడుమ సముద్రం పారేది. పడవ లేనిదే మాహిం నుండి బాంద్రా చేరడం అసాధ్యం. అట్టి చోట నేలను నిలిపి, దారులు వేసి, కొండలు తొలిచిన కథయే ఈ నగర చరిత్ర.

1668లో ఏడాదికి పది పౌనుల కవులుపై ఈ దీవులు ఈస్టిండియా కంపెనీ వశమైనాయి. గవర్నరు విలియం హార్న్‌బీ కాలంలో వర్లి వద్ద గండిని పూడ్చుతూ కట్టిన కట్ట నగర నిర్మాణంలో తొలి పెద్ద అడుగు. దాని వెనుకనున్న బురద నేలలు క్రమంగా ఆరి నివాసయోగ్యమైనాయి. 1838లో కొలాబా కాజ్‌వే, 1845లో మాహిం కాజ్‌వే వెలిశాయి. మాహిం దారికి లేడీ జంషెడ్జీ లక్షన్నర రూపాయలకు పైగా విరాళమిచ్చి, బాటసారుల నుండి సుంకం వసూలు చేయరాదని షరతు విధించారు. దాతృత్వానికి వివేకం తోడైన సందర్భమది.

దీవులు కలిసినా దక్కనుకు సహ్యాద్రి అడ్డుగా నిలిచింది. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణేకు తొలి రైలు నడిచిన పదేళ్లకు, 1863లో భోర్‌ఘాట్ ఎక్కుడు మార్గం పూర్తయింది. ఇరవై అయిదు సొరంగాలు, కొన్నిచోట్ల 37 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే వాలు దాని విశేషాలు. ఒకచోట రైలు మొనదాకా వెళ్లి ఆగి, దిశ మార్చుకొని పై వాలు ఎక్కేది. గుత్తేదారు సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో వచ్చిన కొద్దికాలానికే మరణించగా, ఆయన భార్య ఆలిస్ ఇంజనీర్ల చేత పని నెరవేర్పించారు. కలరా వాతబడిన కూలీలు అసంఖ్యాకులు. 1871లో ఈ రైలుదారి రాయచూరు వద్ద మద్రాసు రైలుదారితో కలియడంతో తెలుగునాటి నుండి ముంబయి రాక సుగమమైంది.

అయితే మనవారు రైలుకు ముందే వచ్చారు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వచ్చి, తట్టా పారా పట్టి ఈ నగరాన్ని నిర్మించిన కామాటీలు నివసించిన పేటయే కామాటిపురా. కాలక్రమంలో ఆ పేరు లోకం నోట వేరొక అర్థం సంతరించుకొన్నది. ఆ పేరు పలకడానికి మన పిల్లలు సంకోచించవలసిన పని లేదు. కాయకష్టం చేసినవారి ఉనికిని చాటే పేరది.

2009లో బాంద్రా-వర్లి సముద్ర వారధి తెరుచుకొన్నది. 2024లో సుమారు 22 కిలోమీటర్ల అటల్ సేతు, తీర రహదారిలోని జంట సొరంగాలు వాడుకలోకి వచ్చాయి. యంత్రాలు మారినా, దూరప్రాంతాల నుండి వచ్చిన కూలీల చేతులు లేనిదే ఏ వంతెనా లేవలేదు. శిలాఫలకాలపై పాలకుల పేర్లుంటాయి; రాళ్లు మోసినవారి పేర్లుండవు. ఆ లోటును కొంతైనా తీర్చవలసినది పాఠశాలయే. డెబ్బయి అయిదేళ్లుగా ఈ నగరంలో తెలుగు అక్షరాలు దిద్దిస్తున్న మన బడిలో, దారుల చరిత్రతో పాటు ఆ దారులు వేసినవారి చరిత్రనూ బోధించాలి. ఇంటి పెద్దలు తమ తాతముత్తాతలు ఏ పనికి, ఏ ఊరి నుండి వచ్చారో పిల్లలకు చెప్పి వ్రాయించాలి. ఆ వ్రాతలే వారికి మనమెత్తగల శిలాఫలకాలు.