ఖబరస్తాన్, గోరీ, దర్గా: మన మాటల తారీఖ్

మయ్యత్‌ను దఫన్ చేసే చోటును మన ఇళ్లలో ఖబరస్తాన్ అంటాం. ఇరుగుపొరుగు హిందూ సోదరులు తురకల శ్మశానం అంటారు. క్రైస్తవ సోదరులు తమదాన్ని సమాధుల తోట అంటారు.

ఖబర్ అరబీ మాట. స్తాన్ ఫార్సీ ప్రత్యయం, చోటు అని అర్థం. రెండూ కలిస్తే ఖబరస్తాన్. ఖబర్ నుంచే మఖ్బరా వచ్చింది. ఫార్సీలో ఖబర్‌ను గోర్ అంటారు. తెలుగువారి గోరీ అదే. గోరీ తవ్వేవాడు గోర్కన్. అల్లామా ఇక్బాల్ 1910లో హైదరాబాద్ వచ్చి, గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీల గుంబద్‌లు చూసి రాసిన నజ్మ్ పేరు 'గోరిస్తానే షాహీ'.

దర్గా అంటే అసలు సమాధి కాదు. దర్ అంటే తలుపు, గాహ్ అంటే చోటు. బాద్‌షాహ్ దర్బారునూ దర్గాహ్ అనేవారు. తర్వాత అది ఔలియాల ఆస్తానాలకు పేరైంది. మజార్ అంటే జియారత్ చేసే చోటు. హైదరాబాద్ పాతబస్తీలో దాయెరా మీర్ మోమిన్ పేరు వినే ఉంటారు. దాయెరా అంటే వలయం. ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షాహ్ పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు ఆ ఖబరస్తాన్‌కు నిలిచిపోయింది.

మదీనాలోని జన్నతుల్ బఖీ అసలు పేరు బఖీ ఉల్ గర్ఖద్. గర్ఖద్ ఒక ముళ్లచెట్టు. ముళ్లపొదల నేలను మన పెద్దలు ప్రేమతో జన్నత్ అన్నారు. ఖబరస్తాన్‌లో అడుగుపెట్టగానే మనం సలాం చెప్పేది 'అహ్లుల్ ఖుబూర్'కు. అహ్ల్ అంటే ఇంటివాళ్లు. అంటే మరణించినవారు మనకు ఇంకా ఆ చోట నివాసులే.

అందుకే పేరు చిన్న విషయం కాదు. శ్మశానం అంటే చాలామందికి దహనం చేసే చోటే గుర్తొస్తుంది. రికార్డులో ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు, జనం నోట మరో పేరు ఉంటే రేపు తగాదా వచ్చినప్పుడు ఏది మనదని చూపిస్తాం? పాత గోరీల మీది ఉర్దూ కత్బాలు చదవగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. రాళ్లు పోతే పేర్లు పోతాయి, పేర్లు పోతే నేల పోతుంది.

షబే బరాత్‌కు ఖబరస్తాన్ వెళ్లినప్పుడు ఫాతిహా చదివి ఊరుకోకండి. కత్బాల మీది పేర్లు, తారీఖులు తెలుగులో రాసుకోండి. సర్వే నంబరు, వక్ఫ్ రికార్డులో ఉన్న పేరు తెలుసుకోండి. ఆ కాగితం పిల్లల చేతికివ్వండి.