తెగిన నాడి మరల మొలకెత్తునా?

చింతచెట్టునుండి జారిపడి వెన్ను విరిగినవానికి కాళ్లు చచ్చుపడుట మన పలమనేరు పల్లెలవారు ఎరుగనిది కాదు. చేతిలో తెగిన నాడిని కుట్టినచో రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును. వెన్నుపాములోని నాడి యేల పెరుగదు?

అచ్చటను మొలక పుట్టును గాని, కొంత సాగి ఆగిపోవునని స్పెయిను శాస్త్రజ్ఞుడు కహాల్ 1913-14లలో వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇటలీలో రీటా లెవీ-మోంటాల్చీని, యూదురాలగుటచే ఉద్యోగము పోగా, పడకగదినే ప్రయోగశాలగా చేసికొని కోడిపిండముల నాడులను పరిశీలించెను. 1950 తరువాత అమెరికాలో ఆమెయు, స్టాన్లీ కోహెనును నాడులను పెంచు మాంసకృత్తును కనుగొనిరి. విచిత్రమేమనగా, అది పాము విషమునందును, చిట్టెలుక లాలాజల గ్రంథులందును సమృద్ధిగా దొరకెను! 1986లో ఇరువురకును నోబెల్ బహుమతి లభించెను.

అయితే ఎరువొక్కటే చాలునా? నేలయు అనుకూలింపవలెను గదా! 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయోలు ఎలుక కాలినాడి ముక్కను వెన్నుపామునకు వంతెనగా అతుకగా, తంతువులు దానివెంట పెరిగెను. అనగా లోపము కణమునందే కాదు, పరిసరములందును కలదు. తంతువుల తొడుగులో పెరుగుదల నాపు పదార్థములున్నవని 1988లో జూరిక్‌లో ష్వాబ్ బృందము చూపెను. పైగా ఈ వృద్ధికారకము వలన నొప్పిని మోయు తంతువులును పెరిగి బాధ హెచ్చవచ్చునని ఎలుకలలో తేలినది.

మానవులకు ఈ చికిత్స ఇంకను సిద్ధింపలేదు. 1954లో ప్రమాదమున కాళ్లు పడిపోయిన డాక్టరు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీనుండియే శస్త్రచికిత్సలు చేసెను. ఆమె కృషివలన 1966లో మన పొరుగున వేలూరులో పునరావాస సంస్థ వెలసెను.

వెన్ను విరిగినవానిని లేపి కూర్చుండబెట్టకుడు. బల్లపై కదలకుండ పరుండబెట్టి మోయుడు. తెగక మిగిలిన తంతువులను కాపాడుటయే నేటికిని మన చేతిలోనున్న మేలైన ఉపాయము.