క్లీవ్‌లాండు నగరపు మే ప్రదర్శన

“మీది ఏ ఊరండీ?” అన్న ప్రశ్న మనబోటి వలస కుటుంబాలవారికి కొత్త కాదు. మా ముత్తాతగారి నాడే మేము సేలం చేరినాము. నేను ఇక్కడే పుట్టి, పదో తరగతి ఇక్కడే ప్యాసై, రైల్వేలో గుమాస్తాగా కుదురుకొన్నాను. రెండేండ్ల క్రిందట మా అన్నగారి అమ్మాయి ఒక ప్రదర్శనకు చిత్రం తీసుకొని వెళితే, అక్కడివారు ముందుగా అడిగినది ఈ ప్రశ్నే. “ఈ ఊరే” అన్నదట. “అది సరే, అసలు ఊరు?” అన్నారట. చిత్రం పుచ్చుకొన్నారు లెండి; పిల్ల మాత్రం చిన్నబుచ్చుకొని ఇంటికి వచ్చింది. స్థానిక కళాకారుడంటే ఎవరు? ఏడు దశాబ్దాలకు పైగా ఈ ప్రశ్నతో వ్యవహరించిన ఒక దూరదేశపు నగరం కథను ఈ ఉగాది సంచికలో చదువరులకు మనవి చేస్తాను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రాన, ఈరీ సరస్సు ఒడ్డున క్లీవ్‌లాండు ఉన్నది. ఓడలమీద ఇనుపరాయి, రైళ్లమీద బొగ్గు వచ్చి చేరగా, ఉక్కు కొలుములతో పెరిగిన ఊరు అది. పనికోసం హంగేరీనుండి, పోలండునుండి, స్లొవాకియానుండి, తమ దేశంలోనే దక్షిణాదినుండి జనం వచ్చి పడినారు. అట్టి ఊళ్లో 1916లో కళావస్తుశాల తెరిచారు. మూడేండ్లు తిరగకముందే, 1919లో, ఆ ప్రాంతపు చిత్రకారుల పనినీ చేతిపనివారి పనినీ చూపే వార్షిక ప్రదర్శన మొదలుపెట్టారు. జనం దానిని ‘మే షో’ అని పిలుచుకొన్నారు.

ఏర్పాటు సులువైనదే. ఆ చుట్టుపట్ల పుట్టినవారుగాని, అక్కడ కాపురం ఉంటున్నవారుగాని తమ పని తెచ్చి ఇవ్వవచ్చును. న్యాయనిర్ణేతలు చూచి, తగినవి ఏరి, బహుమతులు నిర్ణయిస్తారు. తొలి దశాబ్దాలలో ఈ నిర్ణేతలను పై ఊళ్లనుండి పిలిపించేవారు. ఇది తెలివైన పని. ఊరివాడే తీర్పరి అయితే మొగమాటం తప్పదు గదా! ఏరినవి గోడ కెక్కిన తరువాత జనం వచ్చి కొనుక్కొనేవారు. కొన్నిటిని వస్తుశాలే కొని తన వద్ద ఉంచుకొన్నది.

నాకు అన్నిటికంటె నచ్చినది మరొకటి. తైలచిత్రాల పక్కన కుండలు, నేతబట్టలు, నగలు, రాగిమీద గాజుపొడి కరిగించి రంగుతేల్చిన మీనా పనులు కూడ అదే కప్పుక్రింద పోటీకి నిలిచేవి. కుమ్మరి ఒక మెట్టు క్రింద, చిత్రకారుడు ఒక మెట్టు పైన అనే లెక్క లేదు. విక్టర్ ష్రెకెంగోస్టు అనే ఆయన కుమ్మరి కొడుకే; ఆయన చేసిన ‘జాజ్ బౌల్’ అనే గిన్నె అమెరికా అంతటా పేరు తెచ్చుకొన్నది. 1919లో ఉద్యోగంలో చేరి, 1930 నుండి 1958 వరకు వస్తుశాలకు డైరెక్టరుగా ఉన్న విలియం మిల్లికెన్‌గారు ఈ ప్రదర్శనను కన్నబిడ్డలాగ పెంచారు.

ఇక మా గుమాస్తాల కులానికి సంతోషం కలిగించే సంగతి. అక్కడా ఒక సేలం ఉన్నది; క్లీవ్‌లాండుకు ఆగ్నేయంగా చిన్న పట్టణం. ఆ ఊళ్లో చార్లెస్ బర్చ్‌ఫీల్డు అనే యువకుడు ఒక లోహపు కార్ఖానాలో లెక్కలు వ్రాసేవాడు. మధ్యాహ్నం భోజనపు సెలవులోను, సాయంత్రం కచేరీ విడిచిన తరువాతను నీటిరంగులతో చిత్రాలు వేసేవాడు. మే ప్రదర్శనలో అతని పనికి చోటు దొరికింది. 1930లో న్యూయార్కులోని ఆధునిక కళావస్తుశాల అతని తొలినాళ్ల నీటిరంగు చిత్రాలతో ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టింది. రిజిస్టరు మూసి రంగులపెట్టె తెరవడం ఎంత కష్టమో మాకు తెలుసు.

అసలు ప్రశ్నకు వస్తాను. హ్యూయీ లీ-స్మిత్ అనే నల్లజాతి చిత్రకారుడు 1915లో ఫ్లోరిడాలో పుట్టి, బాల్యంలో క్లీవ్‌లాండు చేరి, అక్కడే చిత్రకళ నేర్చాడు. అతని పనీ మే ప్రదర్శనలో కనిపించింది. ఆ దేశంలో నల్లవారు పడిన అవమానాలు అందరికీ తెలిసినవే. ఈ ఒక్క గోడతో అవి తీరిపోయినవని నేను అనను. అయితే నిబంధనలో ‘అసలు ఊరు’ అన్న మాట లేదు. నివాసం చాలును.

ఆ వస్తుశాలలోనే చోళులనాటి నటరాజ విగ్రహం ఉన్నది. దానిని 1930లో కొన్నారు. 1978 నుండి ఆ ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరుగుతున్నది. తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన మహానుభావుని కీర్తనలను, ఆ ఉక్కు ఊరిలో స్థిరపడిన మనవారు పాడుకొంటున్నారు.

మే ప్రదర్శన చివరిసారి 1993లో జరిగింది. అప్పటికి ఆ వస్తుశాల ప్రపంచంలోని గొప్ప సేకరణలలో ఒకటిగా పేరుపొందింది. ఎక్కడెక్కడి ఘనవస్తువులకో స్థలం దొరికిన భవనంలో ఊరివారికి ఏడాదికి ఒక నెల దొరకకపోవడం నాకు బాధగానే తోచింది. 2005లో ఆ ప్రాంతపు కళాకారులకు ఒక ప్రదర్శన పెట్టారుగాని, ఏటేటి ఆనవాయితీ మళ్లీ నిలవలేదు.

నేటికీ ఆ ప్రాంతపు పాత చిత్రాలు అమ్మకానికి వచ్చినప్పుడు, కొన్నిటి పటం వెనుక మే ప్రదర్శనవారు అంటించిన కాగితపు చీటీ ఉంటుంది. కొనేవారు ముందు పటం తిప్పి, దానికోసం చూస్తారు.