మందస ఖిల్లా చూశాక

పోయిన నెల పలాస వైపు వెళ్లినప్పుడు మందస రాజావారి కోట చూశాం. ఒకప్పటి మహల్, ఇప్పుడు శిథిలం.

సర్కారు, జమీందారు, కిస్తు... ఈ మాటలన్నీ మన ఫార్సీ, ఉర్దూల్లోంచి వచ్చినవే. కుతుబ్‌షాహీల కాలంలో ఈ ఇలాఖా చికాకోల్ ఫౌజ్‌దారు కింద ఉండేది. 1765లో షా ఆలం బాద్షా ఫర్మానాతో కంపెనీకి దక్కింది. హుకూమత్‌లు మారాయి గానీ రైతు మీద జులుం తగ్గలేదు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కట్టెల తగాదా కాల్పులదాకా పోయింది. అరెస్టయిన రైతుల కోసం పోలీసులకు అడ్డం నిలబడిన సాసుమాను గున్నమ్మ తూటాలకు షహీద్ అయింది. అప్పటికామె గర్భవతి. ఎనిమిదేళ్లకు, 1948 చట్టంతో, జమీందారీలే ఖతమ్ అయ్యాయి.

కోట గోడలు మాత్రమే చూసొస్తే సగం తారీఖే చూసినట్టు. పొయ్యిలోకి కట్టెలు హక్కుగా అడిగినవాళ్లది మిగతా సగం. అసలు ఇబ్రత్ అక్కడుంది. పిల్లల్ని మందస తీసుకెళ్తే గున్నమ్మ స్మారకం దగ్గరికీ తీసుకెళ్లండి. ఆమె ఎవరో మీ నోటితోనే చెప్పండి.