బెల్లంకొండ బాలరాయలకు కుళ్ళాయి

పల్నాటి బెల్లంకొండ దుర్గంలో పసివాడికి రాజవేషం కట్టి ఫొటో తీయదలచిన మిత్రులకొక మనవి. నాటకాలవారి మఖమలు కోటు, అట్టకిరీటం వద్దు. కిరీటం మన సినిమాల చలవ! 1515 నాటి కొండవీటి దండయాత్రలో ఈ కోటను గజపతుల నుంచి గెలుచుకున్న శ్రీకృష్ణదేవరాయల వేషమెట్టిదో తిరుమల ఆలయంలోని లోహవిగ్రహం నేటికీ చూపుతోంది: ఇరుప్రక్కల దేవేరులు, జోడించిన చేతులు, ఆచ్ఛాదన లేని ఛాతీ, నడుమున పంచె, తలపై పొడవాటి కుళ్ళాయి.

ఆ పేరు పారశీకపు ‘కులాహ్’ నుంచి వచ్చింది. సుల్తానుల కొలువుల మోజు విజయనగరానికీ పాకిందన్నమాట. కొండవీటి రెడ్ల కొలువు చూసిన శ్రీనాథుడు కన్నడ రాజ్యలక్ష్మి ముంగిట కుళ్ళాయి పెట్టవలసివచ్చిందని వాపోయాడనే చాటువు తెలియనివారెవరు! తరువాత ఈ కోటా గోలకొండ కుతుబ్‌షాహీల వశమయింది. కనుక శిథిల ప్రాకారం ముందు నిలబెట్టే బాలరాయలకు కుళ్ళాయే పెట్టండి. ఎండ చల్లబడ్డాక తీయండి; చొక్కా లేని పసివాడు గదా!