అమెరికా చరిత్ర పేపరు: మాకు చెప్పింది, మేం చదివింది

మేం ఎం.ఏ. చరిత్రలో చేరింది 1990లో. మండల్ గొడవలు జరుగుతున్న రోజులు. యూనివర్సిటీలో ఏ గోడ చూసినా ‘ప్రతిభ’ గురించే. హాస్టల్లో ఒకే గదిలో ఉండే మేం నలుగురం, నలుగురమూ పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన దళిత కుటుంబాల పిల్లలమే, ఆధునిక అమెరికా చరిత్ర పేపరు తీసుకున్నాం. దీని వెనక గొప్ప కారణమేమీ లేదు. ఆ పేపరుకి నోట్సు దొరుకుద్దని సీనియర్లు చెప్పారు, అంతే.

ఆ నోట్సులో 1865 నుంచి 1877 దాకా, అంటే అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన తర్వాతి పన్నెండేళ్లకి, ఒక్క పేరా ఉంది. ఆ కాలాన్ని ‘పునర్నిర్మాణ యుగం’ అంటారు. పేరాలో ఉన్నది ఇంతే: దక్షిణాది రాష్ట్రాల్లో చదువూ అనుభవమూ లేని నీగ్రోలకు ఓటు హక్కు ఇచ్చారు, ఉత్తరాది నుంచి సంచులు చంకన పెట్టుకుని దిగిన స్వార్థపరులు వాళ్లని ఆడించారు, ఖజానా దోపిడీ అయింది, చివరికి దక్షిణాది పెద్దమనుషులు పాలన చేతుల్లోకి తీసుకుని చక్కబెట్టారు. పాఠం చెప్పే మేష్టారు ఈ పేరా చదివి పుస్తకం మూసి, ‘అర్హత చూడకుండా అధికారమిస్తే ఎక్కడైనా ఇంతే’ అన్నారు. క్లాసు నవ్వింది. కొందరు వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూశారు.

మేం నోరెత్తలేదు. ఎత్తడానికి మా దగ్గర ఏముంది? ఆయన చెప్పింది పుస్తకంలో ఉన్నదే గదా. ఆ రాత్రి గదిలో మాలో ఒకడు అన్నాడు: ‘వాళ్లకి పాలన చేతకాలేదని రాసింది ఎవరు? వాళ్లని దించినోళ్లే అయితే ఆ మాట మనమెందుకు నమ్మాలి?’ ఆ ప్రశ్న పట్టుకుని ఇన్నేళ్లుగా మేం చదువుకున్నదే ఈ వ్యాసం.

ఆ పేరా పుట్టిల్లు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం. అక్కడ విలియం డన్నింగ్ అనే ఆచార్యుడు ఉండేవాడు. 1907లో పునర్నిర్మాణం మీద పుస్తకం రాశాడు. ఆయన శిష్యులు దక్షిణాది రాష్ట్రాలని తలా ఒకటి పంచుకుని గ్రంథాలు రాశారు. నల్లవాళ్లకు ఓటివ్వడమే అన్ని అనర్థాలకూ మూలమన్నది ఆ బడి సారాంశం. అదే కథని 1915లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా తెరకెక్కించి, ముసుగులు తొడుక్కుని చంపిన కు క్లక్స్ క్లాన్‌ని వీరుల్ని చేసింది. తానూ అమెరికా చరిత్ర రాసిన అధ్యక్షుడు విల్సన్ దాన్ని వైట్‌హౌస్‌లో వేయించుకుని చూశాడు. మా నోట్సులోని పేరా ఆ బడి చిలకపలుకే. 1913 నుంచి 1916 దాకా అంబేద్కర్ చదువుకున్నదీ కొలంబియాలోనే. కొలంబియా అంటే మనవాళ్లకి డ్యూయీ, సెలిగ్మన్ పేర్లే గుర్తొస్తాయి. ఆ రోజుల్లో డన్నింగ్ కూడా అక్కడే పాఠాలు చెప్పేవాడు.

ఈ బడిని దాని గడప లోపలే నిలబడి ఎదిరించినవారు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. 1895లో హార్వర్డ్ డాక్టరేటు పొందిన మొదటి నల్లజాతి మనిషి. 1909 డిసెంబరులో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ సభలో, డన్నింగ్ ఎదురుగా ఉండగానే, పునర్నిర్మాణం వల్ల జరిగిన మేళ్ల గురించి పత్రం చదివారు. మరుసటి ఏడు ఆ సంఘం పత్రిక దాన్ని అచ్చేసింది. ‘నీగ్రో’ అనే మాటలో మొదటి అక్షరాన్ని, అన్ని జాతుల పేర్లకీ వేసినట్టే, పెద్దక్షరంగా వేయమని ఆయన అడిగారు. సంపాదకుడు కుదరదన్నాడు. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కాబట్టి ఈ అవమానం మనకి చప్పున తగలదు. మన దగ్గర ఆ పని పేరు చివరి మాట, క్రియాపదం చేస్తాయి. ఊరి పెద్ద ‘రామయ్యగారు వచ్చారు’, మా తాత ‘రామిగాడు వచ్చాడు’. వయసులో మా తాతే పెద్ద.

1935లో డుబాయిస్ ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ ప్రచురించారు. 700 పేజీలు దాటిన గ్రంథం. అంతకుముందు ఆయన పత్రం అచ్చేసిన ఆ పత్రికే అప్పట్లో దీన్ని సమీక్షించనుకూడా లేదు. బానిసల్ని లింకన్ విడిపించాడన్నది సగం మాటేనని ఈ పుస్తకం చూపించింది. యుద్ధం నడుస్తుండగానే వేలూ లక్షలుగా బానిసలు దొరల పొలాలు వదిలేసి ఉత్తరాది సైన్యం వైపు నడిచారు. డుబాయిస్ దాన్ని సార్వత్రిక సమ్మె అన్నారు. సుమారు 1,80,000 మంది నల్లవాళ్లు ఆ సైన్యంలో చేరారు. విముక్తి ఎవరో పెట్టిన భిక్ష కాదన్నమాట. ఇది చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు.

తర్వాత మేం ఎక్కువకాలం ఆగింది భూమి దగ్గర. 1865 జనవరి 12 రాత్రి జార్జియాలోని సవానా పట్టణంలో జనరల్ షెర్మన్, యుద్ధమంత్రి స్టాంటన్ 20 మంది నల్ల పాస్టర్లని పిలిపించుకున్నారు. వాళ్ల తరఫున మాట్లాడిన గారిసన్ ఫ్రేజియర్‌కి 67 ఏళ్లు. 1857లో వెయ్యి డాలర్లు పోసి తననీ తన భార్యనీ తానే కొనుక్కున్న మనిషి. మీ బతుకు మీరు బతకడానికి ఏం కావాలి అని అడిగితే, భూమి కావాలన్నారు; మా కష్టంతో మేం దున్నుకుంటాం అన్నారు. తెల్లవాళ్లతో కలిసి ఉంటారా అంటే, వేరుగానే ఉంటాం, మా మీదున్న ద్వేషం పోవడానికి ఏళ్లు పడుతుంది అన్నారు. నాలుగు రోజులకి షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. పారిపోయిన దొరల సముద్రతీరపు భూములని కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా పంచమని. కొద్ది నెలల్లో దాదాపు 40,000 మంది 4 లక్షల ఎకరాల్లో సాగుకి దిగారు.

ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. అతని స్థానంలోకి వచ్చిన ఆండ్రూ జాన్సన్ తిరుగుబాటు చేసిన దొరలకి క్షమాభిక్షలు పెట్టి, భూములు తిరిగి ఇప్పించాడు. అక్టోబరులో దక్షిణ కెరొలైనాలోని ఎడిస్టో దీవికి జనరల్ హోవర్డ్ వచ్చి ఈ కబురు చెప్పాడు. పాత యజమానులని క్షమించి వాళ్ల దగ్గరే పనికి కుదరమన్నాడు. దీవి జనం కమిటీ వేసుకుని జవాబు రాశారు. యుద్ధంలో మీకు పోయింది ఒక చెయ్యి, మీరు క్షమించగలరేమో; నన్ను చెట్టుకి కట్టి కొట్టినవాణ్ణి, నా తల్లినీ చెల్లినీ కొట్టినవాణ్ణి, ఇప్పుడు వాడి పొలం వాడి రేటుకే చేస్తే తప్ప ఖాళీ గుడిసెలో కూడా ఉండనివ్వనివాణ్ణి నేనెట్లా క్షమించేది అని అందులో ఉంది.

ఇంకో లెక్క చూడండి. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దు చేసినప్పుడు ప్రభుత్వం యజమానికి బానిస తలకి 300 డాలర్ల దాకా పరిహారం కట్టింది. తరతరాలుగా చాకిరీ చేసిన బానిసకి? దేశం వదిలిపోతానంటే 100 డాలర్ల దాకా ఇస్తామంది. ఇది చదివినప్పుడు మాకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం గుర్తొచ్చింది. దాని కింద పరిహారం తీసుకున్నది జమీందార్లు. పొలంలో దిగిన పాలేరు పేరు ఏ లెక్కలోనూ లేదు. మా నలుగురిలో ఒకడి ఇంట్లో ట్రంకుపెట్టెలో డి.కె.టి. పట్టా కాగితం ఉంది. భూమి మాత్రం వాళ్ల స్వాధీనంలోకి ఏనాడూ రాలేదు. ఎడిస్టో జనం గురించి మేం వాడికి వివరించాల్సిన పని పడలేదు.

భూమి లేకపోయినా ఓటు వచ్చింది. 1868లో 14వ సవరణ పౌరసత్వం ఇచ్చింది, 1870లో 15వ సవరణ ఓటుకి జాతి అడ్డురాకూడదంది. అదే ఏడు మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ మొదటి నల్లజాతి సెనేటర్ అయ్యారు. 1862లో దొరల యుద్ధనౌకని చార్లెస్టన్ రేవు నుంచి నడుపుకుని పోయి ఉత్తరాదికి అప్పజెప్పిన బానిస రాబర్ట్ స్మాల్స్ కాంగ్రెసు సభ్యులయ్యారు. దక్షిణాదిలో అందరికీ ప్రభుత్వ బడి అనేది రాజ్యాంగంలోకి ఎక్కింది ఈ ‘చేతకాని’ వాళ్ల కాలంలోనే. ఆ బడుల్లో పేద తెల్లపిల్లలూ చదివారు. మరి లంచగొండితనం? ఉంది, లేదని బుకాయించనక్కర్లేదు. అదే రోజుల్లో న్యూయార్కులో ట్వీడ్ అనే తెల్ల నాయకుడి ముఠా నగర ఖజానాని లక్షలకి లక్షలు మింగింది. అందుకని తెల్లవాళ్లకి ఓటు తగదని ఏ చరిత్రకారుడూ రాయలేదు. మేష్టారి మాటకి మేం చెప్పాల్సిన జవాబు ఇదే. దొరికేసరికి ఆయన రిటైరయ్యారు.

ఈ పాలన దానంతటది కుప్పకూలలేదు, కూల్చారు. 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం, లూసియానాలోని కాల్‌ఫాక్స్ అనే ఊళ్లో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లవాళ్ల మీద తెల్లవాళ్ల సాయుధ గుంపు ఫిరంగితో పడింది. భవనానికి నిప్పంటించారు. లొంగిపోయినవాళ్లని కూడా రాత్రి వరసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్లు 60 అని ఒక లెక్క, 150 అని మరో లెక్క. తెల్లవాళ్లు ముగ్గురు. శిక్షపడిన కొద్దిమంది కూడా 1876లో సుప్రీంకోర్టు తీర్పుతో బయటికొచ్చారు. 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాల్నే కట్టడి చేస్తుందిగాని విడి మనుషుల్ని కాదని కోర్టు అంది.

మేం రెండో ఏడులో ఉండగా 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనిమిది మంది. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. కాల్‌ఫాక్స్ తీర్పు గురించి మేం ఎక్కడ మాట్లాడినా వినేవాళ్లు ముందుగా అడిగేది చుండూరు గురించే.

కాల్‌ఫాక్స్ గురించి మా దృష్టిలో అసలు సంగతి తర్వాత జరిగింది. 1921లో ఆ ఊరి శ్మశానంలో చనిపోయిన ముగ్గురు తెల్లవాళ్లకి స్తంభం నిలబెట్టి, శ్వేతాధిపత్యం కోసం పోరాడిన వీరులని చెక్కించారు. 1950 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వమే రోడ్డు పక్కన బోర్డు పాతింది. అందులో దీన్ని ‘అల్లరి’ అన్నారు, దుష్టపాలన అంతమైన రోజన్నారు. డన్నింగ్ బడి చెప్పిన కథే ఇనప పలక మీదికెక్కింది. ఆ బోర్డుని తీసింది 2021లో. నల్లవాళ్ల పేర్లు రాతి మీద చెక్కింది 2023లో, అంటే 150 ఏళ్లకి. ఊచకోతని ‘ఘర్షణ’ అని రాయడం మన పత్రికల్లోనూ చూశాం. మాట మారితే హంతకుడు మాయమవుతాడు.

యాదృచ్ఛికమే గాని మరో సంగతి. ఆ 1873లోనే పూణేలో జోతిబా ఫూలే ‘గులాంగిరి’ అచ్చేసి, బానిసల్ని విడిపించేందుకు పూనుకున్న అమెరికా మంచి జనానికి అంకితమిచ్చారు. అంకితం అందుకున్న దేశంలో అప్పటికే విముక్తిని చంపే పని మొదలైంది.

1877లో ఉత్తరాది నాయకులు అధ్యక్ష పదవి ఒప్పందంలో భాగంగా దక్షిణాదికి అండగా ఉన్న సైన్యాన్ని పక్కకి తప్పించారు. ఆ తర్వాత తుపాకీ అవసరం కూడా తగ్గింది. 15వ సవరణలో ఒక్క అక్షరం మార్చకుండానే ఓట్లు తీసేశారు. లూసియానా 1898లో ఓటరుకి చదువు పరీక్ష, ఆస్తి పరీక్ష పెట్టింది. 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటు ఉన్నవాడికి మినహాయింపు. ఆ తేదీకి నల్లవాళ్లలో ఎవరి తాతకి ఓటుంది? 1896లో 1,30,334 మంది ఉన్న నల్ల ఓటర్లు 1900 నాటికి 5,320 మంది. ఆ చట్టంలో ‘నల్ల’ అన్న మాట ఎక్కడా ఉండదు. తాత పేరు అడిగితే చాలు. ప్రతిభ గురించి గోడల మీద చదివిన మాకు ఇది వేరే భాషలో రాసినట్టు అనిపించలేదు.

పోలికలకి హద్దు ఉందని మాకూ తెలుసు. మొదట్లో మేం ఆవేశంలో అమెరికా నలుపే మన కులం అనేసుకున్నాం. కులానికి రంగు గీత లేదు, మెట్లుంటాయి. మెట్టు మీద మెట్టు కూర్చుని కిందవాణ్ణి తన్నే ఏర్పాటు అక్కడి నల్లవాళ్ల మధ్య అట్లా లేదు. ఆ తేడా మర్చిపోతే రెండు చరిత్రలూ అర్థం కావు.

చరిత్ర చదివే విద్యార్థిగా మాకు ఎక్కువ ఉపయోగపడింది ఆధారాల సంగతి. 1939లో జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అనే నల్ల పరిశోధక విద్యార్థి ఉత్తర కెరొలైనా రాష్ట్ర భాండాగారానికి వెళితే, ఈ భవనం కట్టినప్పుడు నల్లవాళ్లొచ్చి చదువుతారని ఎవరూ అనుకోలేదన్నారు. కొద్దిరోజులకి విడిగా ఒక గది ఇచ్చారు. తెల్ల సిబ్బంది ఆయనకి పుస్తకాలు అందించే అవసరం రాకుండా అలమరల గది తాళంచెవి ఆయన చేతికే ఇచ్చేశారు. మాకు లేని సౌకర్యం వాడికెందుకని తెల్ల పరిశోధకులు గోల చేస్తే తాళంచెవి వెనక్కి తీసుకున్నారు. మేం ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నామో.

అంతకు కాస్త ముందే, 1936 నుంచి 1938 దాకా, బానిసలుగా పుట్టి ఇంకా బతికున్న 2,300 మందికి పైగా వృద్ధుల మాటల్ని ప్రభుత్వం రాయించింది. అడిగినవాళ్లు ఎక్కువమంది తెల్లవాళ్లు. చార్లెస్టన్‌లో ఒక ముసలమ్మని ఒకసారి తెల్లామె, మరోసారి నల్లాయన అడిగారు. తెల్లామెకి మా యజమాని మంచివాడని చెప్పింది. నల్లాయనకి తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కెళ్లి అమ్మడం గురించి చెప్పింది. రెండూ ఆమె మాటలే.

ఇది చదివాక సెలవలకి ఊరెళ్లి మా ఇళ్లల్లో ముసలివాళ్లని అడగడం మొదలుపెట్టాం. కూడా తీసుకెళ్లిన స్నేహితుడు పెద్దకులం వాడని తెలియగానే మాలో ఒకడి అమ్మమ్మ, ‘వాళ్లు మమ్మల్ని బాగా చూసేవాళ్లు బాబూ’ అని ఊరుకుంది. అతను బస్సెక్కి వెళ్లాక సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని, కల్లంలో గింజలు తిందని తన అక్కని కట్టేసిన గుంజ ఎక్కడుండేదో చేత్తో చూపించింది.