డంగు సున్నం, ఊక బూడిద

ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట కట్టడం 1847లో మొదలై 1852లో ముగిసింది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లోనే పోర్ట్‌లాండు సిమెంటుకు పేటెంటు పొందాడు గాని, మన దేశంలో అప్పటికి సిమెంటు కార్ఖానా లేదు. 1904లో మద్రాసులో సముద్రపు గుల్లలతో సిమెంటు చేసే ప్రయత్నం జరిగింది, అది నిలదొక్కుకోలేదు. పోర్‌బందరులో ఉత్పత్తి 1914లో ప్రారంభమైంది. మరి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీదుగా, ఇసుక పునాదిపైన, ఆర్థర్ కాటన్, ఆయన వద్ద పనిచేసిన వీణెం వీరన్న ప్రభృతులు రాళ్ళను దేనితో అతికించారు? సున్నంతోనే.

సున్నపురాయినిగాని, గుల్లలనుగాని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు 100 పాళ్ళలో 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువుగా పోయి, 56 పాళ్ళు పొడి సున్నంగా మిగులుతుంది. నీళ్ళు చల్లితే అది బుసబుసమని వేడెక్కి విరుగుతుంది. గోడలో చేరిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని తిరిగి రాయి అవుతుంది. అంటే సున్నం గట్టిపడటానికి గాలి కావాలి. నీటి అడుగున, మందపు గోడ నడుమ గాలి ఎక్కడిది? అక్కడ వట్టి సున్నం ఏళ్ళు గడిచినా మెత్తగానే ఉంటుంది.

రోమనులు ఈ చిక్కును పుట్జోలీ ప్రాంతపు అగ్నిపర్వత బూడిదతో విడదీశారు. గోదావరి జిల్లాల్లో అగ్నిపర్వతం లేదు గాని, ఇటుకల ఆవాలకు కొదువ లేదు. మన పనివాళ్ళు కాల్చిన ఇటుకను పొడిచేసి సున్నంలో కలిపేవారు. అదే సుర్కీ. బంకమన్ను తగుమాత్రపు వేడిలో కాలితే అందులోని సిలికా, అల్యూమినా చురుకుదనం పొంది, నీటి సమక్షంలో సున్నంతో కలిసి గట్టి పదార్థాన్ని ఏర్పరుస్తాయి. సిమెంటుకు బలమిచ్చే కాల్షియం సిలికేటుకు ఇది దగ్గరి చుట్టమే. మాడి నల్లబడిన ఇటుక మాత్రం ఇందుకు పనికిరాదు. ఎక్కువ వేడికి ఆ చురుకుదనం పోతుంది. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్టలో సున్నమూ సుర్కీయే వాడారు. 1953 నాటి తుంగభద్ర ఆనకట్టలో కూడ సుర్కీకి చోటు దొరికింది.

సున్నాన్ని ఇసుకతో, సుర్కీతో గానుగలో వేసి, ఎద్దులచేత రాతి చక్రం తిప్పించి, వెన్నలా నూరేవారు. నూరిన ఈ సున్నాన్నే డంగు సున్నం అంటారు. అందులో బెల్లపు నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోయడం వాడుక. ఇది ఉత్త ఆచారం కాదు. చక్కెర ఉన్న నీటిలో సున్నం ఎక్కువగా కరుగుతుంది, ముద్ద సాగుతుంది. ఇదే బెల్లం సిమెంటులో పడితే కథ తలకిందులు. కొద్దిపాటి చక్కెర చాలు, సిమెంటు గట్టిపడటం ఆగిపోతుంది.

ఈ చిన్న సంగతిలోనే నేటి పరిశోధనకు సంబంధించిన పెద్ద విషయం ఉంది. సిమెంటు పరిశ్రమనుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు ప్రపంచంలో మనుషుల పనులవల్ల వెలువడే మొత్తంలో సుమారు 8 శాతం. దాన్ని తగ్గించే మార్గాల్లో మొక్కల పీచు, తునకలు కలిపి గోడలు పోయడం ఒకటి. ఫ్రాన్సులో 1980ల తరువాత జనుము వంటి ఒక నారమొక్క కాడలోని తేలిక బెండును ముక్కలు చేసి, సున్నంతో కలిపి పోయసాగారు. బరువు మోసేది కొయ్యచట్రం. ఈ ముద్ద దాని మధ్య నిండి వేడిని, చలిని ఆపుతుంది. మట్టిలో వరిగడ్డి తొక్కి గోడ పెట్టిన మన పెద్దలకు ఇది వింతగా తోచదు. చెట్టుచేమల్లో చక్కెరలు ఉంటాయి గనుక సిమెంటు వాటితో తేలికగా కలవదు, సున్నం కలుస్తుంది. కోనసీమ కొబ్బరి పొట్టుతో గాని, ఊకతో గాని ఇటుక చేయదలచినా ముందు ఎదురయ్యేది ఈ అతుకు సమస్యే.

సున్నానికి తోడు సుర్కీ కావాలన్నాము. ఆ సిలికాను ఇటుకకంటె శుద్ధంగా ఇచ్చేది మరొకటి డెల్టాలోనే ఉంది. ఆనకట్ట నీటితో పెరిగిన వరి, వేళ్ళద్వారా నీటిలోని సిలికాను పీల్చి ఊకలో దాచుకుంటుంది. 1000 కిలోల ధాన్యం ఆడితే సుమారు 200 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 40 కిలోల బూడిద వస్తాయి. బాగా కాలిన బూడిదలో సిలికా 85 శాతానికి పైనే. అమెరికాలోని బర్కిలీలో పనిచేసిన భారతీయ శాస్త్రజ్ఞుడు పి. కుమార్ మెహతా 1970లలో ఊకను అదుపులో కాల్చి మేలైన బూడిద సాధించాడు. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం కూడ 2000లో దీని వాడకానికి అవకాశమిచ్చింది.

చిక్కల్లా వేడిలోనే. సుమారు 700 డిగ్రీలకు లోబడి కాలితే సిలికా చురుకుగా ఉంటుంది. అంతకు మించితే స్ఫటికమై మొద్దుబారుతుంది. మాడిన ఇటుక కథే మళ్ళీ. రైసుమిల్లు బాయిలరులో కాలే ఊక ఒకచోట మాడుతుంది, ఇంకొకచోట బొగ్గుగా మిగులుతుంది. కనుక మిల్లు వెనుక పోసిన బూడిదంతా పనికివస్తుందనుకోరాదు. పైగా సున్నమూ బూడిదే కలిపితే బలం సిమెంటుకంటె తక్కువ, నెమ్మది. మిద్దెకు, వంతెనకు చాలదు. గోడకు, పూతకు చాలు. పాత సున్నపు కట్టడాల మరమ్మతుకు సిమెంటుకంటె ఇదే మేలనిపిస్తుంది. సిమెంటు పూత లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో దాని వెనుక ఇటుక పొడిపొడిగా రాలుతుంది.

బూడిద మంచిదో కాదో బడిలోనే కొంత తెలుసుకోవచ్చు. మిల్లు బూడిదను మెత్తగా నూరి, రెండు పాళ్ళ బూడిదకు ఒక పాలు విరిగిన సున్నం చేర్చి, నీటితో ఉండచేసి, తడిగుడ్డలో చుట్టి మూతగల డబ్బాలో ఒక నెల ఉంచాలి. వట్టి సున్నంతో మరొక ఉండ చేసి అట్లాగే పెట్టాలి. సున్నం చేతికి తగలకుండా చూడటం ఉపాధ్యాయుని పని. నెల తరువాత రెంటినీ నీటిలో వేస్తే, వట్టి సున్నపు ఉండ మెత్తబడి విడిపోతుంది. బూడిద ఉండ కూడ విడిపోతే ఆ మిల్లులో ఊక మాడుతూ ఉండవచ్చు.